గొట్టం ద్వారా పాలు పట్టాల్సిన బిడ్డను దత్తత తీసుకోవాలనుకుంటే

దత్తతల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల వివరాలు చూస్తుంటే, ఒక్కోసారి వైద్య నివేదికలో ‘రైల్స్ ట్యూబ్ ఫీడింగ్’ (ముక్కు గొట్టంతో పాలు) అనో ‘గ్యాస్ట్రోస్టమీ ఉంది’ (పొట్టకు వేసిన గొట్టం) అనో ఒక్క ముక్క రాసి ఉంటుంది. అది చూసి వెంటనే పేజీ మార్చేసేవాళ్లున్నారు. ‘ఎలాగో నేర్చుకుంటాంలే’ అని వెంటనే ఒప్పేసుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. గొట్టంలో పాలు పొయ్యడం శ్రద్ధ ఉన్న ఎవరికైనా వారం పది రోజుల్లో చేతికొస్తుంది. మీరు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ఆ గొట్టం ఎందుకు పడింది, ఆ కారణం ముందుముందు ఎటు పోతుంది, రోజుకు ఆరేడుసార్లు బిడ్డ దగ్గర కూర్చోవడానికి మీ ఇంట్లో ఎన్ని చేతులున్నాయి.

మొదటి ప్రశ్న: గొట్టం ఎందుకు వేశారు?

నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు చప్పరించడం, మింగడం, ఊపిరి తియ్యడం మూడూ ఒక లయలో కుదరవు. 34 వారాలు దాటుతున్నకొద్దీ కుదురుతుంది. అలాంటి బిడ్డకు గొట్టం చాలావరకు కొన్ని వారాల మాట. అంగిలి చీలిక ఉన్న బిడ్డ సరైన సీసా, సరైన పట్టు దొరికితే చాలాసార్లు గొట్టం లేకుండానే తాగగలుగుతుంది. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ మింగగలదు, కానీ తాగే శ్రమకే ఆయాసపడి బరువు పెరగదు. గుండె ఆపరేషన్ అయ్యాక పరిస్థితి మారొచ్చు. అన్నవాహిక రెండు ముక్కలుగా పుట్టిన బిడ్డకు ఆపరేషన్ తర్వాత కూడా అతికిన చోట ఇరుకు ఏర్పడి, దాన్ని మళ్లీ మళ్లీ సాగదియ్యాల్సి రావచ్చు. పుట్టగానే ఏడవక, మెదడుకు ఆక్సిజన్ అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చిన బిడ్డకు మింగుడు కండరాలే మాట వినవు. ఇక్కడ గొట్టం ఏళ్ల తరబడి ఉండొచ్చు, జీవితాంతమూ ఉండొచ్చు.

ఫోటోలో వీళ్లందరి గొట్టమూ ఒకేలా కనిపిస్తుంది. అందుకే ‘గొట్టం ఎప్పుడు తీసేస్తారు?’ అన్న ప్రశ్న కన్నా ముందు ‘మింగుడు పరీక్ష చేశారా?’ అని అడగండి. బేరియం కలిపిన పాలు కొద్దికొద్దిగా తాగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసే పరీక్ష ఇది, వీడియోఫ్లోరోస్కోపీ అంటారు. దీని విలువ ఎక్కడుందంటే, కొంతమంది పిల్లలకు పాలు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు, పొలమారినట్టు కూడా కనిపించదు. బయటికి హాయిగా తాగుతున్నట్టే ఉంటుంది, నెలకోసారి న్యుమోనియా వస్తుంది.

ఒప్పుకోకముందు చేతికి రావాల్సిన సమాచారం

దత్తత సంస్థ బిడ్డ గురించి ఇచ్చేవి రెండు కాగితాలు: చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ ఎగ్జామినేషన్ రిపోర్టు. అంగీకారం తెలిపే ముందు మెడికల్ రిపోర్టును మీకు నచ్చిన డాక్టరుకు చూపించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. పిల్లల డాక్టరు ఒక్కరే చాలరు. నరాల సమస్య ఉంటే పీడియాట్రిక్ న్యూరాలజిస్టు, పొట్ట గొట్టం ఉంటే పిల్లల సర్జన్ కూడా చూడాలి.

ఆ రెండు కాగితాల్లో ఉండని వివరాలు చాలా ఉంటాయి, అవి మీరే అడిగి రాసుకోవాలి. గొట్టం ఏ రకం, ఎన్ని ఫ్రెంచ్ (గొట్టం లావు కొలత) సైజు, ఏ తేదీన వేశారు, చివరిసారి ఎప్పుడు మార్చారు. వరుసగా మూడు రోజుల ఫీడ్ చార్టు: ఏ గంటకు ఎన్ని మిల్లీలీటర్లు, ఏం పట్టారు, వాంతి అయ్యిందా. నెలనెలా బరువు. న్యుమోనియాతో ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరింది. మూర్ఛలున్నాయా, ఏ మందులు, ఎంత మోతాదు. రోజుకు ఎంత సేపు ఏడుస్తుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది. ఈ చివరి రెండూ డాక్టరుకు తెలియవు, ఆయమ్మకు తెలుస్తాయి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. బిడ్డ గురించి మీకు దొరికే అత్యంత నమ్మకమైన సమాచారం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

బిడ్డను చూడ్డానికి వెళ్లేటప్పుడు పాలు పట్టే వేళకే వెళ్లండి. నిద్రపోతున్న బిడ్డను చూసి వచ్చేస్తే ఏమీ తెలియదు.

దత్తత దారి క్లుప్తంగా

కారా పోర్టల్‌లో నమోదు, పత్రాలు, మీ ఇంటికి సోషల్ వర్కర్ వచ్చి రాసే హోమ్ స్టడీ. ఇంతవరకు అందరికీ ఒకటే. హోమ్ స్టడీ నివేదిక 3 ఏళ్లు చెల్లుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మామూలు వరుసలో ఏళ్ల తరబడి వేచి ఉండాల్సిన పని ఉండదు. అప్పటికే ఇద్దరు పిల్లలున్న దంపతులు కూడా ఈ విభాగంలో అర్హులే, 2022 దత్తత నిబంధనల ప్రకారం. బిడ్డను అంగీకరించాక ముందు ఫోస్టర్ కేర్ పద్ధతిలో ఇంటికి పంపుతారు. దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టర్ ఇస్తారు. తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. ఎక్కడ అనుమానమొచ్చినా మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, లేదా ప్రభుత్వ శిశు గృహకు వెళ్లి అడగొచ్చు.

ఒక్క హెచ్చరిక. ‘ఆసుపత్రిలో వదిలేసి వెళ్లారు, మీరు తీసుకెళ్లి పెంచుకోండి’ అని ఎవరైనా బిడ్డను నేరుగా చేతిలో పెడితే తీసుకోకండి. అది బాలల న్యాయ చట్టం కింద నేరం. 1098కి ఫోన్ చెయ్యండి. బిడ్డ బాలల సంక్షేమ సమితి ద్వారా రావాలి.

గొట్టాలు: ఏది ఏమిటి

ముక్కు గొట్టం ముక్కులోంచి పొట్టలోకి పోతుంది. చిన్నపిల్లలకు వాడేదాన్ని మెడికల్ షాపులో ఇన్‌ఫెంట్ ఫీడింగ్ ట్యూబ్ అని అడగాలి, 5 నుంచి 8 ఫ్రెంచ్ మధ్య సైజులు. మామూలు పీవీసీ రకం కొద్దిరోజులకే గట్టిపడుతుంది, కనుక త్వరత్వరగా మార్చాలి. సిలికాన్, పాలీయురెథేన్ రకాలు వారాల తరబడి ఉంటాయి. ఎన్నాళ్లన్నది ప్యాకెట్ మీద చూడండి. ముక్కు గొట్టం నెల, నెలన్నర దాటి అవసరమయ్యేలా ఉంటే పొట్ట గొట్టం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. నెలలుగా ముక్కు గొట్టంతోనే ఉన్న బిడ్డ అయితే, ఆ ఆపరేషన్ మీ చేతుల మీదుగా జరగొచ్చని ముందే అనుకోండి.

పొట్ట గొట్టం, అంటే గ్యాస్ట్రోస్టమీ, పొట్ట గోడకు చేసిన చిన్న రంధ్రంలోంచి నేరుగా జీర్ణాశయంలోకి ఉంటుంది. పొడుగు గొట్టం ఉండొచ్చు, చర్మానికి అంటుకుని ఉండే బటన్ ఉండొచ్చు. చాలా బటన్లకు లోపల నీళ్లతో ఉబ్బిన బెలూన్ ఉంటుంది, అదే బయటికి రాకుండా పట్టి ఉంచుతుంది. బటన్ దొరకనిచోట, మూత్రం తియ్యడానికి వాడే బెలూన్ గొట్టం ఫోలీ కాథెటర్‌నే పొట్ట గొట్టంగా వాడతారు. దానికి బయట ఆపుకునే చక్రం ఉండదు. లోపలికి జారిపోయి, బెలూన్ జీర్ణాశయం చివరి ద్వారాన్ని మూసేస్తే బిడ్డ ఒకటే వాంతులు చేసుకుంటుంది. చర్మం దగ్గర పెన్నుతో గీత పెట్టి, ప్రతి ఫీడ్‌కు ముందు ఆ గీత అక్కడే ఉందో లేదో చూడాలి.

మూడోది పేగులోకి వెళ్లే గొట్టం. దీనిలో ఒకేసారి పొయ్యకూడదు, పంపుతో గంటల తరబడి చుక్కచుక్కగా ఇవ్వాలి. కరెంటు, పంపు, రాత్రి కాపలా అన్నీ లెక్కలోకి వస్తాయి. బిడ్డకు ఇది ఉంటే మీ ప్రశ్నల జాబితా రెట్టింపు అవుతుంది.

ఇంటికి తెచ్చేముందు నేర్చుకోవాల్సిన పని

కనీసం రెండు పగళ్లు, ఒక రాత్రి శిశు గృహలోనో ఆసుపత్రిలోనో ఉండి, అన్ని ఫీడ్లూ మీ చేత్తోనే పట్టండి. నర్సు పక్కన నిలబడి చూడాలి. భార్యాభర్తలిద్దరూ నేర్చుకోవాలి, మూడో మనిషి ఒకరు కూడా నేర్చుకుంటే మంచిది. ఒక్కరికే వచ్చిన ఇంట్లో ఆ ఒక్కరికి జ్వరమొచ్చిన రోజు అందరూ చిక్కుల్లో పడతారు.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. తల, ఛాతీ 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండేలా బిడ్డను ఒడిలోనో వాలు కుర్చీలోనో పెట్టుకోండి.

2. ముక్కు గొట్టమైతే ప్రతిసారీ అది పొట్టలోనే ఉందని రుజువు చేసుకోండి. ముక్కు దగ్గరి గీత కదలలేదని చూసి, సిరంజితో కొద్దిగా రసం లాగి పీహెచ్ స్ట్రిప్ (ఆమ్లం ఎంతుందో అంకెల్లో చూపే కాగితం) మీద వెయ్యండి. 5.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే పొట్టలో ఉన్నట్టు. మామూలు లిట్మస్ కాగితం పనికిరాదు. గాలి కొట్టి స్టెతస్కోపుతో పొట్ట మీద ‘గుడగుడ’ వినే పాత పద్ధతిని నమ్మకండి, గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం వినిపించవచ్చు. రసం రాకపోతే బిడ్డను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పావుగంట ఆగి మళ్లీ లాగండి. ఎసిడిటీ మందు వాడే పిల్లల్లో అంకె ఎక్కువ రావచ్చు, వాళ్లకు ఎంత వరకు సరేనన్నది డాక్టరు ముందే రాసివ్వాలి. సందేహం తీరకపోతే ఆ ఫీడ్ ఆపి ఆసుపత్రికి వెళ్లండి, ఎక్స్‌రేలో తేలుతుంది.

3. కాచి చల్లార్చిన నీళ్లు 5 మిల్లీలీటర్లు పంపండి. పసికందుకైతే అంతకన్నా తక్కువ, డాక్టరు చెప్పినంత.

4. పిస్టన్ తీసేసిన 50 మిల్లీలీటర్ల ఫీడింగ్ సిరంజి బిగించి, గొట్టం మడిచి పట్టుకుని పాలు పొయ్యండి, తర్వాత మడత వదలండి. సిరంజి బిడ్డ పొట్టకు జానెడు ఎత్తులో ఉంటే చాలు. పాలు వాటి బరువుకే దిగాలి, పిస్టన్‌తో తొయ్యకూడదు. ఫీడ్ మొత్తం 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి.

5. సిరంజి పూర్తిగా ఖాళీ అవ్వకముందే మళ్లీ పొయ్యండి, లేకపోతే గాలి పోతుంది. చివర్లో మళ్లీ 5 నుంచి 10 మిల్లీలీటర్ల నీళ్లు. ఆ తర్వాత కనీసం అరగంట తల ఎత్తులోనే ఉండాలి.

సిరంజిలో పాల మట్టాన్ని చూస్తూ ఉండండి. బిడ్డ ఊపిరితో పాటు అది సన్నగా పైకీ కిందికీ ఆడుతూ మెల్లగా దిగుతుంటే అంతా సవ్యంగా ఉంది. బిడ్డ ఏడుపు అందుకుందంటే పొట్ట బిగిసి పాలు సిరంజిలోకి ఎగదన్నుతాయి. అప్పుడు ఎత్తు పెంచి లోపలికి నెట్టకండి. సిరంజి దించి, బిడ్డను ఊరుకోబెట్టి, గాలి పైకి వచ్చేదాకా ఆగండి. గాలి బుడగలు రాగానే పొట్ట మెత్తబడుతుంది, పాలు మళ్లీ దిగుతాయి. ఫీడ్ మధ్యలో దగ్గు, నీలిరంగు, ఊపిరి ఇబ్బంది ఏది కనిపించినా వెంటనే ఆపి గొట్టం మూసెయ్యండి. తేరుకోకపోతే 108.

ఏం పట్టాలి, ఎంత పట్టాలి

రోజుకు కావలసిన మొత్తం ద్రవానికి డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది: మొదటి 10 కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, తర్వాతి 10 కిలోలకు కిలోకు 50. అంటే 12 కిలోల బిడ్డకు 1100. ఇందులో పాలు, జావ, మందులతో ఇచ్చే నీళ్లు, గొట్టం కడిగే నీళ్లు అన్నీ కలిసే ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క పనికిరాదు. బాగా చిక్కిపోయిన బిడ్డ మీ చేతికొస్తే ప్రేమ కొద్దీ రెండు రోజుల్లో ఆహారం రెట్టింపు చెయ్యకండి. ఆకలికి అలవాటైన ఒంట్లోకి ఒక్కసారిగా బలం పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పెంచడం డైటీషియన్ చెప్పిన మెట్ల ప్రకారమే.

ఏడాది దాటిన పిల్లలకు, పొట్ట గొట్టం 14 ఫ్రెంచ్ లేదా అంతకన్నా లావుగా ఉంటే, ఇంటి వంట మిక్సీ పట్టి వడగట్టి ఇవ్వొచ్చేమో డాక్టరును అడగండి. సన్నటి ముక్కు గొట్టంలో, పేగు గొట్టంలో ఇది వద్దు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. గొట్టంలో దిగాలని రాగి జావను, పప్పుకట్టును నీళ్లు పోసి పల్చన చేస్తారు. పొట్ట నిండుతుంది, బిడ్డ ఏడవదు, బరువు మాత్రం తగ్గుతూ పోతుంది. పల్చదనం నీళ్లతో కాకుండా పాలతో రావాలి. చెంచాడు నూనె 5 మిల్లీలీటర్లకు సుమారు 45 కేలరీలు ఇస్తుంది, డైటీషియన్ ఒప్పుకుంటే అది కలిపి బాగా మిక్సీ పట్టాలి. కలిపిన పాలపొడి బయట 2 గంటలకు మించి ఉంచకండి. మన ఎండాకాలంలో కలిపిన వెంటనే పట్టడం మేలు.

మందులు పాలలో కలపకండి. ఒక్కో మందు విడిగా, మధ్యలో 5 మిల్లీలీటర్ల నీళ్లు. పైపూత ఉన్న మాత్రలు, మెల్లగా కరిగే రకాలు నూరకూడదు, సిరప్ రూపంలో ఉందేమో అడగండి. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతుంటే పాలతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. పాలకూ మందుకూ మధ్య ఎంత ఎడం కావాలో డాక్టరు చేత రాయించుకోండి.

ఎక్కడ తేడా వస్తుంది

గొట్టం మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్లు సిరంజిలో తీసుకుని మెల్లగా తోస్తూ, లాగుతూ ఉండండి. కూల్‌డ్రింకులు పొయ్యకండి, వాటి పులుపుకు పాలు విరిగి అడ్డు ఇంకా గట్టిపడుతుంది. తీగలు, పుల్లలు పెట్టి పొడిచే పనే వద్దు.

ముక్కు గొట్టాన్ని పిల్లలు లాగేస్తారు, అది ఖాయం. చెంప మీద ముందు హైడ్రోకొల్లాయిడ్ పట్టీ వేసి, దాని మీద ప్లాస్టరు అంటిస్తే చర్మం ఊడదు. మిగతా గొట్టాన్ని చెవి వెనక నుంచి వీపు మీదికి తిప్పండి. కళ్లముందు వేలాడుతుంటే చేతులు ఊరుకోవు.

పొట్ట గొట్టం ఊడిపోతే రంధ్రం కొద్ది గంటల్లోనే పూడుకోవడం మొదలుపెడుతుంది. ఆపరేషనై ఇంకా రెండు మూడు నెలలు కాకపోతే ఇంట్లో మళ్లీ దూర్చే ప్రయత్నం చెయ్యొద్దు, దారి తప్పి పొట్ట బయట తిరిగితే పాలు కడుపు కుహరంలో పడతాయి. శుభ్రమైన గాజు గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి. దారి బాగా కుదిరిన పిల్లలకు ఏం చెయ్యాలో సర్జన్ దగ్గర చేత్తో చేసి నేర్చుకోండి. మామూలుగా అదే సైజుదో ఒక సైజు సన్నదో ఫోలీ పెట్టి ప్లాస్టరు వేసి బయల్దేరమంటారు. ఎప్పుడూ ఒక అదనపు గొట్టం ఇంట్లో ఉండాలి.

బెలూన్‌లో నీళ్లు, సాధారణంగా 3 నుంచి 5 మిల్లీలీటర్లు, వారానికోసారి లాగి కొలవండి. తగ్గితే ఇంజెక్షన్ల డిస్టిల్డ్ వాటర్‌తోనే నింపాలి. సెలైన్ పోస్తే ఉప్పు పేరుకుని వాల్వు పాడవుతుంది. చుట్టూ కారుతుంటే ముందు ఈ నీళ్లు చూడండి, తర్వాత మలబద్ధకం ఉందేమో చూడండి. రంధ్రం అంచున ఎర్రటి తడి కండ పెరగడం తరచూ జరిగేదే, రాపిడి వల్ల వస్తుంది. చుట్టూ చర్మం ఎర్రబడి వేడిగా వాచి, చీము, జ్వరం ఉంటే మాత్రం అదే రోజు డాక్టరు చూడాలి.

నోటిని ఖాళీగా వదలొద్దు

గొట్టంతో తినే బిడ్డకు కూడా రోజుకు రెండుసార్లు పళ్లు, చిగుళ్లు శుభ్రం చెయ్యాలి. నోట్లో పెరిగే క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారడం న్యుమోనియాకు ఒక దారి. నెలల తరబడి నోట్లో ఏమీ పడని బిడ్డ పెదవి దగ్గరికి వేలు తెస్తేనే ఉలిక్కిపడుతుంది. ఫీడ్ వేళ చప్పరించడానికి ఏదైనా ఇవ్వడం, అందరితో పాటు భోజనాల దగ్గర కూర్చోబెట్టడం, తాలింపు వాసన తెలియనివ్వడం వైద్యంలో భాగమే. నోటితో తినడం ఎప్పుడు, ఏ చిక్కదనంతో, ఎన్ని చెంచాలతో మొదలుపెట్టాలన్నది మింగుడు తెలిసిన స్పీచ్ థెరపిస్టు చెప్పాలి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే) కేంద్రాల్లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో థెరపీ గురించి వాకబు చెయ్యండి.

ఇంట్లో పెద్దవాళ్లతో ఈ సంగతి బిడ్డ రాకముందే మాట్లాడండి. ‘పాపం, ఒక్క ముద్ద నోట్లో పెడితే ఏమవుతుందే’ అని నానమ్మ ప్రేమగా ఉగ్గు నాకిస్తుంది. మింగుడు లేని బిడ్డకు ఆ చెంచాడే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగుడు పరీక్ష వీడియో ఉంటే ఆవిడకు చూపించండి, పది మాటలకన్నా అది బాగా పనిచేస్తుంది. పాలు పట్టే పని కూడా ఆవిడకు నేర్పండి. ప్రేమ చూపడానికి చేతిలో ఒక పనంటూ ఉంటే చెంచా జోలికి పోరు.

మనుషులు, డబ్బు

రోజుకు ఆరు ఫీడ్లు, ఒక్కోదానికి కలపడం, పట్టడం, ఎత్తుకుని కూర్చోవడం, కడగడం కలిపి గంట. అంటే రోజుకు ఆరు గంటలు, ఆదివారాలూ పండగలూ లేకుండా. ఒక కాగితం మీద 24 గంటలూ గీసి, ఏ ఫీడ్ ఎవరిదో పేర్లు రాయండి. అన్ని గళ్లలోనూ ఒకే పేరు పడితే, ఆ మనిషి ఉద్యోగం, నిద్ర, ఆరోగ్యం ఏమవుతాయో ముందే మాట్లాడుకోండి. పగలు వచ్చే ఆయా ఎవరైనా ఫీడ్ పట్టగలరా అన్నది తర్వాతి ప్రశ్న.

ఖర్చులో ఆపరేషన్ కనిపిస్తుంది, సిరంజిలు, గొట్టాలు, ప్లాస్టర్లు, పాలపొడి కనిపించవు. కానీ అవి నెలనెలా ఉంటాయి. నెలకు ఎన్ని కావాలో సంస్థ దగ్గర లెక్క తీసుకుని మీ ఊరి మెడికల్ షాపులో ధర కట్టించండి, అవి ఆ ఊళ్లో దొరుకుతాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఆటిజం, బహుళ వైకల్యాలున్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది. దానికి ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. యూడీఐడీ కార్డుకు (వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) వీలైనంత త్వరగా దరఖాస్తు చెయ్యండి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక్క మాట. అమెరికా, బ్రిటన్‌లలో ఫీడింగ్ సిరంజిలు ఎన్‌ఫిట్ అనే మర కనెక్షన్‌తో వస్తాయి, ఇక్కడ వేసిన గొట్టాలకు చాలావరకు అవి నేరుగా బిగవు. అడాప్టర్లు, నెలకు సరిపడా ఇక్కడి సిరంజిలు పెట్టుకునే విమానం ఎక్కండి.

వచ్చిన మొదటి రెండు వారాలు

ఏమీ మార్చకండి. అదే పాలపొడి, అదే కొలత, అవే గంటలు, అదే రకం గొట్టం. బిడ్డ కప్పుకునే దుప్పటిని కూడా అడిగి తెచ్చుకోండి. ఇల్లు, మనుషులు, వాసనలు అన్నీ మారిపోయిన బిడ్డకు పొట్టలోకి వచ్చేది ఒక్కటీ మారకుండా ఉంటే వాంతులు తక్కువ. పైగా ఏదైనా తేడా వస్తే కారణం పట్టుకోవడం తేలిక. రోజూ ఒకే వేళకు, ఒకే తూకం మీద బరువు చూసి రాయండి. పీహెచ్ స్ట్రిప్‌లు, అదనపు గొట్టం, రెండు సిరంజిలు, ప్లాస్టరు, మందుల చీటీ, గొట్టం సైజు రాసిన కాగితం ఒక చిన్న సంచిలో పెట్టి గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించండి. బిడ్డ బయటికి వెళ్లినప్పుడల్లా ఆ సంచి కూడా వెళ్లాలి.